ఎక్కడ పెట్టినా ఒకేలా

గ్రిల్లు మూడో జాలీ గీకడం సగంలో ఉండగా తీగ బ్రష్షు చేతులెత్తేసింది. మావయ్య దాన్ని తిప్పి చూశాడు. పళ్లన్నీ ఒకవైపుకు వాలిపోయాయి. "నీకూ నాకూ ఒకటే వయసులా ఉందే" అని దాన్ని పక్కన పడేసి, గోడకు వేలాడుతున్న పాత అట్లకాడ అందుకున్నాడు. దాని అంచుతో ఇనుప కమ్మీల మధ్య గట్టిపడ్డ నల్లటి కొవ్వును పెళ్లలు పెళ్లలుగా ఊడదీయసాగాడు. ప్రతి పెళ్ల కిందా మరో పెళ్ల ఉంది. అన్నీ తను కాల్చిన ముక్కల తాలూకువే.

ఆ రోజు హోటలుకు వారపు సెలవు. వెనక వంటగది నేలంతా పాత పేపర్లు పరిచి ఉన్నాయి. వాటి మీద, మాంసం కాల్చే గ్యాస్ గ్రిల్లు విప్పి ఆరబోసినట్టు పడి ఉంది. నాలుగు జాలీలు, మంట మీద బోర్లించే నాలుగు రేకులు, మూరెడు పొడవున్న గొట్టాల్లాంటి నాలుగు బర్నర్లు, సబ్బునీళ్లలో నానుతున్న నాలుగు నాబులు. మూత గోడకు చేరగిలబడింది. ఉత్త డొక్క మాత్రం మధ్యలో ఎడమవైపుకు కాస్త ఒరిగి నిలబడి ఉంది. మావయ్య పద్ధతి ప్రకారం విప్పినది విప్పిన వరుసలోనే పెట్టాలి. ఎడమ చివరి బర్నర్ మీద మేకుతో ఒక గీత, రెండోదాని మీద రెండు గీతలు, అలా నాలుగు వరకు. ఏ స్క్రూ దానికది వేరే గ్లాసులో. ఎవరైనా వచ్చి ఒక గ్లాసు జరిపితే ఆయన తిట్టే తిట్లు పక్కింటి దాకా వినపడతాయి.

ఆ వీధిలో ఆయన అసలు పేరు ఎవరికీ తెలియదు. మేనల్లుడు చిన్నప్పుడు "మావయ్యా, ఆకలి" అంటూ ఈ గ్రిల్లు చుట్టూ తిరిగేవాడు. ఆ పిలుపు తినడానికి వచ్చేవాళ్లకు అంటుకుంది. చివరికి ఆయన కన్నా పెద్దవాళ్లు కూడా "మావయ్యా, ఇంకో రెండు ముక్కలు" అనడం మొదలుపెట్టారు. ఈ వావివరసల గందరగోళం మీద ఆయనకేమీ పట్టింపు లేదు. పిలిచినవాళ్లందరికీ మావయ్యే.

హోటలు పెట్టింది బావ. బావ పోయాక అది అక్కది అయింది. అక్క గల్లా పెట్టె దగ్గర కూర్చుంటుంది గానీ, ఇప్పుడు పెత్తనమంతా ఆమె కొడుకుదే, ఆ మేనల్లుడిదే. గ్రిల్లు మాత్రం మావయ్యది. కాగితాల మీద కాదు, అది ఇంకెవరి మాటా వినదు కాబట్టి.

నిజంగానే వినదు. రెండో బర్నర్ సగమే మండుతుంది. నాలుగో నాబును చిన్న మంట గుర్తు దగ్గర పెడితే మంట ఎగిసిపడుతుంది, పెద్ద మంట గుర్తు దగ్గర పెడితే ఆరిపోతుంది. వెనక ఎడమ మూల కొలిమి. ముందు కుడి మూల పెట్టిన ముక్క సాయంత్రం దాకా పచ్చిగానే ఉంటుంది. ముట్టించే మీట ఎప్పుడో చచ్చింది, కాగితం చుట్టి అంటించాలి, అదీ మొహం పక్కకు తిప్పుకుని. కోడి కాలు ఎడమ మూలలో మొదలై, మధ్యకొచ్చి, కుడివైపు చల్లబడి ప్లేట్లోకి దిగాలి. చేప అసలు ఎడమవైపు మొహమే చూడకూడదు. ఏ ముక్క ఎప్పుడు ఎటు జరగాలో మావయ్య చేతికి తెలుసు. అడిగితే చెప్పలేడు.

ఒకసారి ఆయన జ్వరంతో వారం రోజులు మంచం పట్టాడు. అల్లుడు గ్రిల్లు దగ్గర నిలబడ్డాడు. మొదటి రోజు వడ్డించిన ముక్కలు ఒకవైపు బొగ్గు, ఒకవైపు పచ్చి. రెండో రోజు కనుబొమ్మలు కాల్చుకున్నాడు. మూడో రోజు హోటలు ముందు "గ్రిల్లు లేదు" అని అట్ట వేలాడింది. ఆ సాయంత్రం అక్క వచ్చి మంచం పక్కన కూర్చుని, "నువ్వు లేకపోతే మేం లేం రా తమ్ముడూ" అంది. ఆ మాటతోనే సగం జ్వరం దిగింది. భార్య పోయి, పిల్లలు లేక, ఒంటిగదిలో అద్దెకు ఉండే మనిషికి అంతకన్నా ఏం కావాలి? పొద్దున లేవడానికి ఒక పని, వెళ్లడానికి ఒక చోటు, తను రాకపోతే ఆగిపోయే ఒక పొయ్యి. అది తీసేస్తే మావయ్యకు మిగిలేది ఆ మంచమూ, ఎదురుగా గోడా.

అందుకే పోయిన నెల అల్లుడు ఫోన్లో కొత్త గ్రిల్లు బొమ్మలు చూపించినప్పుడు ఆయన భయపడిపోయాడు. పైకి మాత్రం ఫోన్ అద్దాన్ని గోరుతో టకటకా కొట్టి చూశాడు.

"ఇది ఉత్త రేకురా అల్లుడూ. మనది పోత ఇనుము. తుప్పు పైపైనే ఉంది. నాకొక్క సెలవు రోజు వదిలెయ్, కొత్తదాన్ని చేసి నీ చేతిలో పెడతా."

అల్లుడు వాదిస్తాడనుకున్నాడు. వాదించలేదు.

"సరే మావయ్యా. కానీ పైపై మెరుగులు వద్దు. మంట అన్ని వైపులా సమంగా రావాలి. నాబు మీద ఏ గుర్తుంటే ఆ మంటే రావాలి. ఎవరు నిలబడినా కాల్చగలగాలి."

"ఎవరు నిలబడతారేంటి?"

"నీ నడుం సంగతి నాకు తెలీదా? వారానికొక్క రోజైనా నువ్వు కాళ్లు చాపుకుని కూర్చోవద్దా? ఆ రోజు నేను నిలబడతా."

మావయ్య కరిగిపోయాడు. ఇరవై రెండేళ్లు సెగ ముందు నిలబడ్డ మనిషి ఇంత త్వరగా కరగకూడదు, కానీ ఆయన తీరే అంత. తన నడుం నొప్పి ఈ కుర్రాడి కంట్లో పడిందన్న సంతోషంలో, ఆ మాటలను ఇంకోసారి తిప్పి చూసుకోలేదు.

ఇప్పుడు ఆయన రెండో బర్నర్‌ను ఎత్తి కిటికీ వెలుగుకు పట్టాడు. వరుసగా ఉన్న సన్నటి చిల్లుల్లో సగం మూసుకుపోయాయి. దబ్బనంతో ఒక్కో చిల్లూ పొడిచాడు. తర్వాత సన్నటి తీగను వంచి గొట్టం మూతిలోకి దూర్చి లాగాడు. వేలెడంత తెల్లటి ఉండ ఒకటి బయటికొచ్చింది, మెత్తగా, దూదిలా. సాలీడు గూడు.

"ఓరి నీ దుంప తెగ! ఇన్నేళ్లూ మంట మింగింది నువ్వా?"

ఒక్కడే పగలబడి నవ్వుకున్నాడు. రెండో బర్నర్ బలహీనమని, ముక్కలను దాని మీంచి ఎలా దాటించాలో ఆయన ఎన్ని నెలలు కష్టపడి పట్టుకున్నాడో! జనం మెచ్చుకున్న తన చేతి ఒడుపులో సగం ఈ సాలీడు చలవే అన్నమాట. ఆ ఉండను పేపరు మీద పెట్టి కాసేపు చూసి, గీకిన మసితో పాటు చుట్టి పారేశాడు.

నవ్వు విని అక్క టీ పట్టుకొచ్చింది. అప్పటికి అది మూడో టీ. మామూలుగా అడిగితే గానీ ఒకటి రాదు. ఆమె గుమ్మంలో నిలబడి, నేల మీద చతికిలబడ్డ తమ్ముణ్ణి, మసితో నల్లబడ్డ ఆయన మోచేతుల్ని చూసింది.

"అంత ఒళ్లు హూనం చేసుకోవాలా రా? పైపైన తుడిచేస్తే పోలా?"

"తుడిచేస్తే నీ కొడుకు ఊరుకుంటాడా? ఎవరు నిలబడినా కాలాలంట. వాడి తండ్రి కూడా ఇంత పట్టుబట్టలేదు."

"తమ్ముడూ..." అంది అక్క.

మావయ్య తలెత్తాడు.

"టీ చల్లారిపోతోంది, తాగు" అని వెళ్లిపోయింది. ఏంటని అడిగి ఉంటే చెప్పేదేమో. ఆయన అడగలేదు. నాలుగో నాబు లోపలి పట్టీ తిరగబడి బిగించి ఉండటం అప్పుడే కంటపడింది. బావ ఎప్పుడో హడావిడిలో చేసిన మరమ్మతు. దాన్ని సరిగ్గా తిప్పి బిగించేసరికి ఆ పెద్ద మంట చిన్న మంట తగువు ఒక్క నిమిషంలో తీరిపోయింది.

మధ్యాహ్నం వీధి చివర సామాన్ల దుకాణానికి వెళ్లి కొత్త గ్యాస్ గొట్టం, ముట్టించే మీట, వేడికి ఆగే నల్ల రంగు, ఒక తీగ బ్రష్షు తీసుకున్నాడు. దుకాణందారు పాత స్నేహితుడు.

"కొత్తది కొనుక్కోక ఆ ముసలిదానికి సింగారాలేంటి మావయ్యా? పాత ఇనుముకు వేసేయరాదూ?"

"అయితే నన్ను కూడా దాంతోపాటే కాటా మీద కూర్చోబెట్టు" అన్నాడు మావయ్య. ఇద్దరూ నవ్వుకున్నారు.

తిరిగొచ్చి డొక్క లోపలంతా గీకాడు. బయటి తుప్పును గరుకు కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది, రంగు పూసి ఎండలో పెట్టాడు. రంగు ఆరేలోపు జాలీలకు నూనె పట్టించాడు. గ్రిల్లు ఎడమవైపుకు ఒరగడానికి కారణం వెనక ఎడమ కాలు అరగడమే. దాని కింద మందపాటి ఇనుప బిళ్ల బిగించి, పైన గిన్నెడు నీళ్లు పెట్టి, నీళ్లు ఏ వైపుకూ వాలకుండా నిలిచేదాకా సరిచేశాడు. అన్నీ వరుసలో ఎక్కించాడు. గొట్టం కలిపిన చోటల్లా సబ్బు నురుగు రాసి, ముక్కు ఆనించేంత దగ్గరగా వంగి చూశాడు. ఒక్క బుడగ కూడా లేవలేదు. నడుం పట్టేసింది. గోడ పట్టుకుని అంగుళం అంగుళం పైకి లేచాడు.

మీట నొక్కాడు. టక్ మంది. నాలుగు బర్నర్లూ ఈ చివర్నుంచి ఆ చివరి దాకా నీలంగా వెలిగాయి, ఒక్క చోట కూడా పసుపు లేదు. మావయ్యకు ఒక్క క్షణం ఎవరో కొత్త మనిషి ఎదురుగా నిలబడినట్టు బెరుకు కలిగింది. తర్వాత గొంతెత్తి అందరినీ పిలిచాడు.

అల్లుడు బ్రెడ్డు ప్యాకెట్లతో వచ్చాడు. మంట సమంగా ఉందో లేదో తేల్చేది బ్రెడ్డే. ఇది బావ నేర్పిన పద్ధతి. ముక్కలను జాలీ కనపడకుండా మూల మూలకూ పరిచి, మూత వేసి, నిమిషం ఆగి అన్నీ తిరగేయాలి. ఎక్కడ వేడెక్కువో అక్కడి ముక్క నల్లగా, ఎక్కడ తక్కువో అక్కడిది తెల్లగా చెప్పేస్తుంది. ఇదివరకు బ్రెడ్డు పరిస్తే పులి చర్మంలా వచ్చేది. మావయ్య పట్టకారుతో మొదటి ముక్క తిరగేశాడు. తేనె రంగు. రెండోది, పదోది, వెనక ఎడమ మూలది, ముందు కుడి మూలది, అన్నీ అదే రంగు.

"అబ్బ!" అన్నాడు అల్లుడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. ఫోన్ తీసి నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీశాడు. ఎవరికో పంపాడు కూడా. మావయ్య ఒక ముక్క నోట్లో వేసుకుని, నమిలింది బ్రెడ్డా అమృతమా అన్నంత ఆనందపడ్డాడు. అక్క మాత్రం గుమ్మం దాటి లోపలికి రాలేదు.

అరగంట గడవకముందే ఆ మనిషి వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి, శుభ్రంగా గడ్డం గీసుకున్నాడు, భుజానికి సంచి. నేరుగా గ్రిల్లు దగ్గరికి వచ్చి, మూత ఎత్తి దించి, నాబులు ఒక్కోటీ తిప్పి చూసి, తల ఊపాడు. తర్వాత మావయ్య వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు.

"మీ గురించి సారు చాలా చెప్పారండీ. మీ అంతట మీరే ఇక చాలనుకుని, వెళ్లేముందు నాకోసం ఇదంతా బాగుచేసి ఇస్తున్నారంట. ఈ రోజుల్లో వచ్చేవాడి కోసం ఇంత ఎవరు చేస్తారండీ?"

ఈయన హోటలు పొరబడ్డాడేమో అనుకున్నాడు మావయ్య. సరిచేయడానికి నోరు తెరిచి, అల్లుడి వైపు చూశాడు. అల్లుడు ఫోన్ వైపు చూస్తున్నాడు.

"ఎప్పుడు చెప్పాడు?"

"పోయిన నెలండీ. పొయ్యి ఇలా ఉంటే నేను రానన్నాను. బాగుచేయించి పిలుస్తానన్నారు. ఇందాక ఫోటోలు పంపారు, వెంటనే బయల్దేరాను."

పోయిన నెల. నడుం నొప్పి మాట కన్నా ముందా, తర్వాతా? మావయ్య చేతిలో పట్టకారు ఇంకా ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో ఆయనకు తోచలేదు.

"ఇవాళ సాయంత్రం చెబుదామనే అనుకున్నా మావయ్యా" అన్నాడు అల్లుడు. "పక్క వీధిలో కొత్త హోటలు పెట్టాక జనం అటు పోతున్నారు. ఈయన పెద్ద హోటల్లో చేశాడు. నువ్వింక హాయిగా ఇంట్లో కూర్చో. నీకేం కావాలన్నా నేను లేనా?"

"నెల రోజులుగా ఎందుకు చెప్పలేదురా?"

"ముందే చెప్తే నువ్వు బాగుచేస్తావా?"

అందులో కోపం లేదు, వెటకారం లేదు. నిజంగానే అడిగాడు. అదే మావయ్యకు తట్టుకోవడం కష్టమైంది.

"చేసేవాణ్ణే" అన్నాడు.

చేసేవాడే. అల్లుడు అడిగితే తన చోటుకు వచ్చేవాడి కోసమైనా ఆ చిల్లులన్నీ పొడిచి ఉండేవాడు. ఏడ్చుకుంటూ పొడిచేవాడేమో, అంతే తేడా. తన చేతి ముద్ద తిని పెరిగినవాడికి ఆ సంగతి తెలియలేదు. మావయ్య అంటే తన పొయ్యి పోతుందనగానే చేతులు కట్టేసుకుని కూర్చునే మనిషి అనుకున్నాడు. పని పోయిన దెబ్బ ఇంకా పూర్తిగా తగల్లేదు, అది రేపు పొద్దున మెలకువ రాగానే తగులుతుంది. ఈ దెబ్బ మాత్రం అప్పుడే తగిలింది.

ఆయన గుమ్మం వైపు తిరిగాడు.

"నీకూ తెలుసా అక్కా?"

అక్క అప్పటికే శుభ్రంగా ఉన్న బల్లను కొంగుతో తుడుస్తోంది.

"తెలుసురా" అంది. "వాడు చెప్పొద్దన్నాడు."

అల్లుడు చేసినదానికి ఏదో ఒక పేరు పెట్టుకోవచ్చు, వ్యాపారమనో, వయసనో. అక్క చేసినదానికి ఏ పేరూ దొరకలేదు. చిన్నప్పుడు ఆయన మీద ఈగ వాలనివ్వని మనిషి. పొద్దున్నుంచీ మూడుసార్లు టీ ఇచ్చి, మూడుసార్లూ నోరు కట్టుకుని వెనక్కి వెళ్లింది. వంటగదిలో కొత్త మనిషి ఉన్నాడన్న మొహమాటం లేకపోతే ఆయన ఏడ్చేసేవాడే.

కొత్త మనిషి ఒక అడుగు వెనక్కి వేశాడు. "నాకు ఇదేం తెలియదండీ, ఒట్టు" అన్నాడు. గ్రిల్లు వైపు చూపించి, "పోనీ... ఒక్కసారి చూపిస్తారా? దీని తీరు ఎలా ఉంటుందో, ఏ మూల ఏది పెట్టాలో?" అన్నాడు.

మావయ్య గ్రిల్లు ముందుకు వెళ్లి నిలబడ్డాడు. పాదాలు అలవాటుగా ఎడమది ముందుకు, కుడిది వెనక్కి సర్దుకున్నాయి. చూపు రెండో బర్నర్ మీద పడింది. గొట్టం మూతిలో వేలెడంత దూది కుక్కితే చాలు, వారం తిరక్కుండా మళ్లీ తనను పిలవడానికి ఇంటికి మనిషి వస్తాడు. చెయ్యి నిజంగానే గుడ్డపీలికల డబ్బా వైపు కదిలింది. కదిలినందుకు ఆయనకే సిగ్గేసింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"చూపించడానికేం మిగల్లేదు నాయనా" అన్నాడు. "ఎక్కడ పెట్టినా ఒకేలా కాలుతుంది."

పట్టకారు కొత్త మనిషి చేతికిచ్చి, పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్లాడు. మోచేతుల దాకా సబ్బు రుద్దుకున్నాడు. గోళ్లలో మసి పోలేదు. లోపల అల్లుడి గొంతు, కొత్త మనిషి గొంతు, సరిచూడటానికి వేసిన మాంసం జాలీ మీద పడ్డ చుర్రుమనే శబ్దం వినపడ్డాయి. సెగ వాసన వచ్చింది. ఆయనకు తెలియకుండానే మనసు లెక్క కట్టింది, ఇప్పుడు తిప్పాలి, ఇప్పుడు మధ్యకు జరపాలి. లోపల ఎవరూ ఏదీ జరపలేదు. ముక్కలు పెట్టిన చోటే ఉండి కాలాయి.

మావయ్య తన స్పానర్లు, దబ్బనం, తీగలు సంచిలో వేసుకుని ముందు గదిలోకి వచ్చేసరికి అక్క ఎదురైంది.

"ఆగరా, ఉత్త చేతులతో వెళ్తావా?" అంది.

చేతిలో పొట్లం. కాల్చిన ముక్కలను డబ్బాలో సర్ది, కాగితం చుట్టి, పైన రెండు చేతి తుడుపు కాగితాలు పెట్టి, దారంతో అడ్డంగా నిలువుగా కట్టింది, తినడానికి వచ్చి ఇంటికి పట్టుకెళ్లేవాళ్లకు కట్టినట్టే. ఇన్నేళ్లలో మావయ్య ఈ హోటల్లో పొట్లం కట్టించుకోలేదు. గ్రిల్లు పక్కన నిలబడి, అంచుకు అతుక్కుని మాడిన ముక్కను ఊదుకుంటూ తినేవాడు. ఆయన పొట్లం వైపు చూశాడు, అక్క మొహం వైపు చూశాడు. ఆమె కళ్ల నిండా నీళ్లున్నాయి. అయినా ఆయనకు జాలి కలగలేదు. కలగనందుకు ఆయనకే ఆశ్చర్యమేసింది.

పొట్లం అందుకున్నాడు. "వస్తానక్కా" అన్నాడు. ఎప్పుడూ వాడే వెనక తలుపు కాకుండా, జనం వచ్చిపోయే ముందు తలుపులోంచి మెట్లు దిగాడు. బయట, ఖాళీ కోసం ఎదురుచూసేవాళ్లు కూర్చునే బల్ల దగ్గర ఒక్క నిమిషం ఆగి, నడుం మీద చెయ్యి వేసుకుని, మళ్లీ నడిచాడు. వీధి మలుపు దాకా ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

అక్క తలుపు వేయడానికి వచ్చినప్పుడు ఆ బల్ల మీద పొట్లం ఉంది. దారం ముడి వేసినట్టే ఉంది, ఇంకా వెచ్చగానే ఉంది, అడుగున కాగితానికి పట్టిన నూనె మరక మాత్రం నెమ్మదిగా వెడల్పవుతోంది.